పరక తక్కువ ఔన్సు



బియ్యం ధర గురించి, పెట్రోలు ధర గురించి, ఇంటి అద్దె గురించి మీరు రేడియోలో ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఇవాళ నేను చెప్పబోయే సరుకు మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువమంది కొనేది కాదు. షాట్‌గన్‌లో వేసే షెల్స్. తుపాకి మాట వినగానే స్టేషను మార్చేయకండి. ఇది వేట కబురు కాదు, రాజకీయం అసలే కాదు. ధరలు మండి, సరుకు దొరకని రోజుల్లో ఒక తండ్రీ కూతుళ్ళు తమకు నిజంగా ఎంత చాలో తెలుసుకున్న ముచ్చట.

మేముండేది టెక్సస్‌లో. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో స్కూలు ట్రాప్ జట్టులో చేరింది. మనకు స్కూలు కబడ్డీ జట్టు ఎలాగో, ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో మట్టి పిట్టల జట్టు అలాగ. పేరుకే మట్టి పిట్ట. అందులో మట్టీ లేదు, పిట్టా లేదు. సున్నపురాయి పొడినీ తారులాంటి పిచ్‌నీ కలిపి పోతపోసి, నారింజ రంగు పూసిన చిన్న పళ్ళెం అది. అడ్డంగా కొలిస్తే నాలుగుంపావు అంగుళాలు, అంటే టీ కప్పు కింద పెట్టే సాసరంత. ఆటగాళ్ళు పదహారు గజాల వెనక నిలబడి "పుల్" అని కేకేస్తే, ముందున్న గుంటలోంచి యంత్రం దాన్ని విసురుతుంది. ఎటు పోతుందో ముందుగా తెలియదు. చేతిలో ఒక్కటే షెల్. ఒక రౌండుకు ఇరవై అయిదు పిట్టలు, పెట్టెకు ఇరవై అయిదు షెల్స్. నాలుగు రౌండ్లు ఆడితే నాలుగు పెట్టెలు ఖాళీ. అమ్మాయికి నాలుగు, పక్కన నిలబడి ఊరుకోలేని నాన్నకు నాలుగు. వారానికి ఎనిమిది పెట్టెలు.

2019లో ఆ లెక్క ఎవరికీ బరువనిపించలేదు. మామూలు పెట్టె ఆరు డాలర్లలోపే దొరికేది. 2020 వచ్చింది. ఆ ఏడాది తుపాకుల విషయంలో ఎఫ్‌బీఐ వ్యవస్థలో జరిగిన తనిఖీలు 3 కోట్ల 96 లక్షలు దాటాయి. అంతకుముందు ఏడాది అవి 2 కోట్ల 83 లక్షలు. కొత్తగా తుపాకి కొన్న ప్రతివాడూ నాలుగు పెట్టెల తూటాలు కూడా కొంటాడు కదా. సరిగ్గా అప్పుడే, 2020 జూలైలో, రెమింగ్టన్ రెండోసారి దివాలా అర్జీ పెట్టుకుంది. ఉన్న ఫ్యాక్టరీలు ముందు పిస్టల్ తూటాలు, రైఫిల్ తూటాల మీద పడ్డాయి. మట్టి పిట్టల వాళ్ళం వరసలో చివరికి పోయాం.

ఆ రోజుల్లో దుకాణం అరలు మీరు చూసి ఉండాల్సింది. ధర చీటీలు మాత్రం వరసగా ఉండేవి, వాటి వెనక సరుకు లేదు. ఒక శనివారం పొద్దున్న, ఒక పెద్ద దుకాణంలో, లారీ దిగుతూనే నాకు నాలుగు పెట్టెలు దొరికాయి. మనిషికి నాలుగే అన్నారు. దొరికిందే మహాప్రసాదం అనుకుని లేబుల్ కూడా చదవకుండా కళ్ళకద్దుకుని తెచ్చాను. అవి వేటకు పనికొచ్చే ఘాటు సరుకు. సీసం ఎక్కువ, వేగం ఎక్కువ.

మా అమ్మాయి ఆ రోజు రెండు రౌండ్లు ఆడింది. ఇంటికొచ్చాక చొక్కా కాలరు పక్కకు లాగి భుజం చూపించింది. నేరేడు పండు చిదిమినట్టు నల్లగా కమిలిపోయింది. అది అసలు దెబ్బ కాదు. అసలు దెబ్బ మరుసటి వారం బయటపడింది. ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకుంటోంది. భుజానికి దెబ్బ తగలబోతోందని ఒళ్ళు ముందే ముడుచుకుంటోంది. ఇక్కడ దీన్ని ఫ్లించ్ అంటారు. ఒకసారి పట్టుకుంటే వదలడం కష్టం. ఇరవై అయిదుకు ఇరవై కొట్టే పిల్ల పదకొండుకు దిగింది. "నాన్నా, నేను మానేస్తాను" అంది.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్భై దాటాయి. ఖాళీ షెల్స్ ఏరుకుని, వాటిలో మళ్ళీ మందూ సీసమూ నింపుకుని వాడుకుంటాడు. మా గొడవ విని ఆదివారం మమ్మల్ని తన గ్యారేజీకి పిలిచాడు. బల్ల మీద చిన్న త్రాసు, తెల్లటి పింగాణీ సాసరు. సంచిలోంచి సీసపు పూసలు తీసి సాసరులో పోశాడు. ఎనిమిదో నంబరు పూస మన ఆవగింజ కన్నా కాస్త పెద్దది, రెండుంపావు మిల్లీమీటర్లు. మొదట ఔన్సు మీద ఎనిమిదో వంతు తూచి, అందులోంచి చెంచాతో కొన్ని తీసేశాడు. ముల్లు ఔన్సుకు ఎనిమిదో వంతు తక్కువ దగ్గర ఆగింది. "ఇంత చాలు" అన్నాడు. అన్నాక, మేం ఇంకేదీ ముట్టుకోకముందే సబ్బుతో చేతులు కడుక్కోమన్నాడు. సీసం కదా.

ఎనిమిదో వంతుకు మన పెద్దవాళ్ళు పరక అనేవారు. కాలు, అర, ముప్పాతిక, పరక, వీసం. ఆ లెక్కన మార్కెట్లో ఎక్కువగా దొరికే పన్నెండు గేజ్ షెల్ ఔన్సు మీద పరక. దానికన్నా తేలిక ఔన్సు. అంతకన్నా తేలిక పరక తక్కువ ఔన్సు. గ్రాముల్లో చెప్పాలంటే దాదాపు 32, 28, 25. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం.

"ఇంత తక్కువతో పిట్ట పగులుతుందా?" అని అడిగాను. ఆయన నన్ను ఎదురు ప్రశ్న అడిగాడు. "పిట్టను ఎంత పగలగొట్టాలి?"

ఇక్కడే నాకు ఆట నియమం గుర్తొచ్చింది. పళ్ళెం తుక్కుతుక్కు కానక్కర్లేదు. కంటికి కనిపించేలా ఒక్క ముక్క రాలితే చాలు, అది తగిలినట్టే. దుమ్ము లేచి ముక్క రాలకపోతే మాత్రం లెక్కలోకి రాదు. బాతును కొట్టేవాడికి బలం కావాలి, ఎందుకంటే గాయపడి ఎగిరిపోతే పాపం. పిచ్‌తో చేసిన పళ్ళేనికి ఆ బాధ లేదు.

ఇంకో మాట కూడా పెద్దాయనే చెప్పాడు. తూటాలోంచి బయటపడ్డాక ప్రతి పూసా ఒంటరిదే. తన వెంట ఎన్ని పూసలొస్తున్నాయో దానికి తెలియదు. ఒకే సైజు, ఒకే వేగం అయితే పరక తక్కువ ఔన్సులోని పూస ఎంత గట్టిగా తగులుతుందో, ఔన్సు మీద పరకలోని పూసా అంతే గట్టిగా తగులుతుంది. తేడా ఎన్ని పూసలన్నదే. ఎనిమిదో నంబరు పూసలు ఔన్సుకు సుమారు 410. ఔన్సు మీద పరకలో 460, పరక తక్కువ ఔన్సులో 360. ఓ వంద పూసలు తక్కువ. ఆ వంద ఉండేది ఎక్కడో చూద్దామని మరుసటి వారం పెద్ద కాగితం నిలబెట్టి, నలభై గజాల నుంచి రెండు రకాలూ కాల్చాం. ముప్పై అంగుళాల వృత్తం గీసి, పెన్సిలుతో ఒక్కో చిల్లునూ కొట్టుకుంటూ లెక్కపెట్టాం. మోకాళ్ళు నొప్పెట్టాయి కానీ చిల్లుల మధ్య సాసరు పెట్టి జరుపుతూ పోతే విషయం తేలిపోయింది. నడిమధ్యలో రెండింటికీ చాలినన్ని ఉన్నాయి. అంచుల్లో తేలిక దానికి కాస్త పలచన. అంటే గురి సరిగ్గా ఉంటే తేడా లేదు. గురి తప్పీ తప్పనట్టు ఉన్నప్పుడు బరువు షెల్ ఒకటి రెండు పిట్టలు దానం చేస్తుంది. ఇరవై ఏడు గజాల వెనక నుంచి కొట్టే పోటీల వాళ్ళకు ఆ దానం కావాలి. పదహారు గజాల దగ్గర నిలబడి నేర్చుకునే పిల్లకు, భుజం నలగడం కన్నా ఆ దానం వదులుకోవడమే మేలు.

భుజం సంగతీ లెక్కలోనే ఉంది. ఒకే తుపాకి, ఒకే వేగం అనుకుంటే, ఔన్సు మీద పరక నుంచి పరక తక్కువ ఔన్సుకు దిగితే వెనక్కి తన్నే శక్తి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ముందుకు పోయే బరువు అయిదో వంతు తగ్గితే వెనక్కి వచ్చే తాపు అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. రోజుకు వంద సార్లు తగిలే తాపు అది. రెండు నెలలు తేలిక షెల్స్‌తోనే ఆడించాను. కళ్ళు మూసుకోవడం మెల్లగా పోయింది.

ఇప్పుడు డబ్బుల సంగతి. సొంతంగా నింపుకునే వాళ్ళు సీసపు పూసలను ఇరవై అయిదు పౌండ్ల సంచుల్లో కొంటారు. ఆ సంచిలో నాలుగు వందల ఔన్సులు. ఔన్సు మీద పరక చొప్పున నింపితే 355 షెల్స్ వస్తాయి. పరక తక్కువ ఔన్సు చొప్పున నింపితే 457. అదే సంచికి వంద షెల్స్ ఎక్కువ, అంటే నాలుగు రౌండ్ల ఆట. అయితే ఒక హెచ్చరిక. సీసం తగ్గించాం కదా అని మందు కొలత మనమే ఊహించుకోకూడదు. ఏ మందుకు నిప్పు రాజేసే ప్రైమరు ఏది, మందుకూ పూసలకూ మధ్య పెట్టే వ్యాడు ఏది, ఎంత సీసం అన్నది మందు కంపెనీ అచ్చువేసిన పట్టికలో ఎలా ఉంటే అలాగే. ఊరగాయలో కారం తగ్గితే మళ్ళీ కలుపుకోవచ్చు, ఇక్కడ కుదరదు.

కొనుక్కునేవాళ్ళకు ఆదా అంత సూటిగా ఉండదు. తేలిక షెల్ చవక అవ్వాలి కదా అని దుకాణానికి వెళితే, ఒక్కోసారి ఔన్సు షెలే చవకగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎక్కువ తయారుచేస్తారు. చిన్న గేజ్‌ల కథ ఇంకా తమాషా. ఇరవై ఎనిమిది గేజ్ షెల్‌లో ముప్పావు ఔన్సే సీసం, అంతకన్నా సన్నని ఫోర్‌టెన్‌లో అయితే అర ఔన్సే. ధర మాత్రం పన్నెండు గేజ్‌ను మించి ఉంటుంది. సీసం బరువు కన్నా ఎంత ఎక్కువగా తయారవుతోందన్నదే అక్కడ ధర నిర్ణయిస్తుంది. అందుకే సీసం కలిసొస్తుందని తుపాకి మార్చేయకండి. ఉన్న పన్నెండు గేజ్‌లోనే తేలిక సరుకు వెతకండి. ఇంట్లో ఇరవై గేజ్ తుపాకి కూడా ఉంటే ఆ షెల్స్‌ను పన్నెండు వాటితో ఒకే సంచిలో ఎప్పుడూ కలపొద్దు. ఇరవై షెల్ పన్నెండు గొట్టంలో జారి మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకనే పన్నెండు షెల్ వేసి కాలిస్తే గొట్టమే పేలుతుంది. ఇరవై షెల్స్‌కు పసుపు రంగు వేసేది అందుకే.

ధరలు ఎందుకు దిగడం లేదని మీరు అడగొచ్చు. కరువు తీరింది కానీ ఖరీదు తీరలేదు. ఇవాళ నేను కొనే మామూలు పెట్టె పది డాలర్ల చుట్టూ తిరుగుతోంది. షెల్ విప్పి చూస్తే కారణాలు కనిపిస్తాయి.

మందు నుంచి మొదలుపెడదాం. పొగరాని తుపాకి మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. అది వచ్చేది పత్తి నుంచి. మాది వరంగల్ వైపు పత్తి ఊరు. జిన్నింగు మిల్లులో దూది తీసేశాక గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. దాన్ని మళ్ళీ గీకి తీస్తారు. లింటర్ అంటారు. బట్టకు పనికిరాని ఆ నూగుతోనే నైట్రోసెల్యులోజ్ చేస్తారు. చిన్నప్పుడు మిల్లు గోడల మీద, మనుషుల కనుబొమల మీద తెల్లగా అంటుకున్న నూగు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. దానికింత గిరాకీ ఉంటుందని అప్పుడెవరు అనుకున్నారు? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు ఆ మందే కావలసి వచ్చింది. ఫిరంగీ, మా అమ్మాయి మట్టి పిట్టా ఒకే కుండలోంచి తినాలి. ఎవరికి ముందు వడ్డిస్తారో చెప్పక్కర్లేదు.

తరవాత పూసలు. ఉత్త సీసం మెత్తన. గొట్టంలోంచి పోయేటప్పుడు నలిగి వంకర తిరుగుతుంది. వంకర పూస వంకర దారి పడుతుంది. అందుకని అందులో కొద్దిగా ఆంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు. ఆంటిమొనీలో పెద్ద పెత్తనం చైనాది. 2024 సెప్టెంబరులో చైనా దాని ఎగుమతి మీద అనుమతుల పద్ధతి పెట్టింది, డిసెంబరులో అమెరికాకు పంపడమే నిషేధించింది. ఆ ఒక్క ఏడాదిలో ఆంటిమొనీ ధర మూడింతల దాకా పోయింది. తరవాత ఆంక్షలు సడలినా, ఒకసారి చవిచూసిన భయం ధరల్లోంచి అంత తొందరగా పోదు.

కాబట్టి పెట్టె చేతిలోకి తీసుకున్నప్పుడు లేబుల్ చదవండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట గేజ్, మీ తుపాకిదే కావాలి. తరవాత పొడవు, చాలా తుపాకులకు రెండుముప్పావు అంగుళాలు. తరవాత సీసం బరువు, ఔన్సు గానీ పరక తక్కువ గానీ. తరవాత పూస నంబరు. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నది. ట్రాప్‌కు ఏడున్నర లేదా ఎనిమిది, దగ్గరి నుంచి కొట్టే స్కీట్‌కు తొమ్మిది. చివరగా వేగం. సెకనుకు 1,150 నుంచి 1,200 అడుగులు అని ఉంటే తేలిక షెల్‌కు హాయి. సీసం తగ్గించి వేగం పెంచిన పెట్టెలు కూడా ఉంటాయి. వాటితో భుజానికి మిగిలిందేమీ ఉండదు. కొన్నిటి మీద వేగానికి బదులు "2¾ డ్రామ్" అని ఉంటుంది. అది లోపల ఉన్న మందు తూకం కాదు. పాతకాలపు నల్లమందు అంత వేస్తే వచ్చే వేగం అని దాని అర్థం. నూట పాతికేళ్ళ నాటి లెక్క ఇంకా పెట్టె మీద కూర్చుని ఉంది.

ఒక జాగ్రత్త. తేలిక షెల్స్ అన్ని తుపాకులకూ నచ్చవు. మా అమ్మాయిది ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలున్న తుపాకి, దానికి ఏది వేసినా ఒకటే. నాది గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్. ఖాళీ షెల్‌ను బయటికి విసరడానికి దానికి కాస్త తన్ను కావాలి. పరక తక్కువ షెల్ వేస్తే ఖాళీది సగం బయటికొచ్చి తలుపు సందులో వేలు పడ్డట్టు ఇరుక్కుపోయింది. మూడుసార్లు అలా అయ్యాక మా వెనక నిలబడ్డవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఊడదీసి శుభ్రం చేస్తే ఔన్సు షెల్‌తో చక్కగా ఆడుతోంది, అంతకన్నా తేలికదానికి మాత్రం ససేమిరా. అందుకని ఒక పెట్టె కొని ఆడించి చూశాకే పది పెట్టెల అట్ట కొనండి. ఇంట్లో కూడబెట్టేవాళ్ళకూ ఒక మాట. మీ సీజనుకు ఎంత కావాలో లెక్కేసుకుని అంతే కొనండి. 2020లో అరలు ఖాళీ చేసింది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, మన గ్యారేజీలు కూడా.

తేలిక షెల్ అంటే పేదవాడి సరుకని కొందరికి చిన్నచూపు ఉంది. వాళ్ళకు హైదరాబాద్ సంగతి ఒకటి చెబుతాను. మన హైదరాబాద్ ట్రాప్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడాడు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో జట్టుతో బంగారు పతకం, సొంతంగా కంచు పతకం తెచ్చాడు. ఆ పోటీల నియమం ప్రకారం షెల్‌లో సీసం 24 గ్రాములే. అర గ్రాము దాకా హెచ్చు మాత్రం ఒప్పుకుంటారు. మన పరక తక్కువ ఔన్సు కన్నా ఓ పిసరు తక్కువే. పిట్టలు మాత్రం మావాటి కన్నా చాలా వేగంగా, చాలా దూరం, డెబ్భై ఆరు మీటర్ల దాకా పోతాయి. ఏథెన్స్‌లో 2004లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం గెలిచిందీ 24 గ్రాములతోనే. ఒలింపిక్స్ పిట్టకు చాలింది మన ఆదివారం పిట్టకు చాలదా?

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. కిందటి సెలవులకు వచ్చినప్పుడు క్లబ్బుకు వెళ్దాం అంది. పెట్టె నేనే కొన్నాను, ఈసారి లేబుల్ చదివి. చలికాలం పొద్దున్న, గడ్డి మీద మంచు. ఆఖరి పిట్ట కుడివైపు బాగా వాలుగా పోయింది. అమ్మాయి కాల్చింది. పళ్ళెం పగల్లేదు, అలాగే తిరుగుతూ ముందుకు పోయింది. పోతూ పోతూ అంచున గోటి గిల్లంత ముక్క ఒకటి రాలింది.

మా క్లబ్బులో లెక్క రాసేవాడు తగిలినప్పుడు ఏమీ అనడు. తప్పితేనే "లాస్ట్" అని అరుస్తాడు. మేమిద్దరం ఆగి విన్నాం. ఆయన ఏమీ అనలేదు.